గీత లేని కొండ

సవర సొంబారి గోడ మీద అడవి మొలిచింది గానీ, అందులో మనిషన్నవాడు ఒక్కడూ లేడు. అక్కడే మొదలైంది గొడవంతా.

చూసినవాళ్లు మాత్రం నోరు వెళ్లబెట్టారు. విశాఖపట్నం హార్బరు దగ్గర మూతబడ్డ గోదామొకటి ఉంటే దాన్ని గ్యాలరీగా మార్చారు. లోపల ఈ చివర నుంచి ఆ చివరకు ఎత్తయిన పలకలు నిలబెట్టి, వాటి మీద డాక్టర్ కందాళ నిరంజని తన ప్రయోగశాలలో పెంచిన మొలకరంగు పూశారు. పూసినప్పుడు అది పులిసిన గంజిలా ఉంటుంది, వాసనా అలాంటిదే. అందులో ఎక్కడి మన్నైనా పిడికెడు కలిపి, తడి ఆరకుండా వెచ్చగా ఉంచితే చాలు. మన్నులో రాలిన ఆకుకీ ఇంకిన చెమటకీ కలిసిన బూడిదకీ, దేని ఆనవాలు దానికి ఉంటుందట. రంగులోని సూక్ష్మజీవులు వాటిని వెతికి పట్టుకుని పక్కపక్కన పేర్చుకుంటూ పోతాయి. వారం తిరిగేసరికి ఆ మన్ను ఒకప్పుడు చూసిందేదో గోడ మీదకి వచ్చేస్తుంది.

సొంబారిది సీతంపేట కొండల్లో ఎర్రగెడ్డగూడ. బొమ్మలు వెయ్యడం తండ్రి దగ్గర నేర్చుకుంది, బొమ్మల గురించి మాట్లాడటం పట్నంలో కాలేజీలో నేర్చుకుంది. ఆ రెండోదాంతోనే ఆమెకు పేరొచ్చింది. మొలకరంగు సంగతి వినగానే ఆమెకొక ఆలోచన తట్టింది. తెల్లదొరలు కొలత గొలుసులు పట్టుకుని కొండెక్కి, ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా సర్కారు అడవి అని గీత గీసి, సవరల పోడు తగలబెట్టించి టేకు నాటకముందు ఆ కొండ ఎలా ఉండేది? ఆ కొండనే అడిగి చెప్పించాలి. అందుకని టేకుతోటలో లోతుగా తవ్వి మన్ను తెచ్చింది. మొలవబోయే గోడకు ‘గీత లేని కొండ’ అని పేరు పెట్టింది. సవరల గోడబొమ్మకు చుట్టూ అంచుగీత ఎప్పుడూ ఉంటుంది, అదీ వెయ్యలేదు. ఎందుకు వెయ్యలేదని పత్రికలవాళ్లు అడిగితే, కొండ చుట్టూ గీత గీయడం దొరల బుద్ధి అని చెప్పింది. ఆ మాట అందరికీ తెగ నచ్చింది.

అడవి మొలిచింది. జీలుగుచెట్లు, అడ్డతీగలు, పేర్లు మరిచిపోయిన పూలు. పచ్చని నీడల మధ్య గెడ్డ పారుతున్నట్టు ఒక చార కూడా వచ్చింది. దగ్గరికి వెళితే గోడ వెచ్చగా ఉండేది. కానీ సొంబారి రోజుకింత దిగులు పడసాగింది. దొరలు గీసిన పటం మీద ఆ కొండ నిర్మానుష్యమని రాసుంది. ఇన్ని తంటాలు పడి తను మొలిపించిన గోడ కూడా అదే మాట చెబుతోంది.

“లోతు మన్నులో మనుషుల ఆనవాలు పలచగా ఉంటుంది” అంది నిరంజని. కళ్లజోడు పెట్టుకునే ఆవిడకు యాభై దాటాయి. పెళ్లి చేసుకోలేదు, ప్రయోగశాలే ఇల్లు. ఎవరినీ నొప్పించే మాట అనదు. “తరతరాలుగా కాపురమున్న చోటి మన్ను తీసుకురా సొంబారీ. మనుషులు వాళ్లంతట వాళ్లే వస్తారు.”

సొంబారికి అలాంటి మన్ను ఎక్కడుందో తెలుసు. తెలిసి కూడా రెండు రోజులు ఆలోచించింది. చివరికి బస్సెక్కింది.

ఎర్రగెడ్డగూడలో వాళ్లింటి లోపలిగోడ మీద ఆమె తల్లి ఉంటుంది. ఇది మాటవరసకి అన్నది కాదు. ఆ తల్లి సుక్కురి జ్వరంతో పోయిన ఏడాదికి తండ్రి ముఖలింగం గోడకు ఎర్రమన్ను మెత్తి, నానబెట్టిన బియ్యప్పిండితో, నమిలిన వెదురుపుల్లతో భార్యకు ఇల్లు గీశాడు. ఆ గూడానికి అతనే ఎజ్జోడు. చనిపోయినవాళ్లని పిలిచి మాట్లాడించడం అతని పని. ముందు చుట్టూ అంచు గీశాడు, అది ఇంటిగోడ. లోపల సుక్కురినీ కోళ్లనీ ఆమె చేటనీ వేశాడు. ఆమెకు సంతకి బస్సులో పోవడం ఇష్టమని సీతంపేట బస్సు కూడా వేశాడు. ఆ తర్వాత ఇప్పసారా ధార పోసి, ఇంకా ఏం కావాలని అడిగాడు. కిటికీ దగ్గర సీటు కావాలని కలలో చెప్పిందట. మర్నాడు బస్సుకు కిటికీ గీసి అందులో ఆమెను మళ్లీ కూర్చోబెట్టాడు. అప్పటినుంచి ఇద్దరికీ మాటలు సాగుతూనే ఉన్నాయి. బతికున్నప్పటికంటే ఇప్పుడే తక్కువ పోట్లాడుతోందని ముఖలింగం అందరికీ చెప్పుకునేవాడు.

ఒక్కటి మాత్రం అతను అబద్ధం గీశాడు. చిన్నప్పుడు చెట్టు మీద నుంచి పడి సుక్కురి ఎడమచెయ్యి మోచేతి దగ్గర వంకరగా అతుక్కుంది. బతికినంతకాలం ఆ వంకర చేతితోనే చేట చెరిగింది. చెరిగి చెరిగి చివర్లో ఒక చిన్న విసురు విసిరేది, పొట్టంతా ఒక్కసారిగా ఎగిరిపోయేది. ఎదురుగా కూర్చున్న కూతురి నుదుటి మీద పడ్డ పొట్టుని ఆ చేతి వెనకవైపుతోనే తుడిచేది. గోడ మీద ముఖలింగం ఆ చెయ్యిని నిటారుగా గీశాడు. పోయాకైనా చెయ్యి చాపుకోనీ అనుకున్నాడు.

సొంబారి వెళ్లేసరికి తండ్రి చింతపండుకని కొండకు పోయాడు. ఆ గోడ ముట్టుకోవాలంటే ముందు సుక్కురిని అడగాలి. అడగాలంటే ఎజ్జోడు కావాలి. అమ్మ తనకు ఎప్పుడు ఏది కాదంది గనక అనుకుంది సొంబారి. నిజానికి ఆమె భయం అమ్మ గురించి కాదు. అయ్య నోట ఆ ‘కాదు’ వినాల్సి వస్తుందని. అందుకని కింది మూల నుంచి పిడికెడు మన్ను గీరి, అంచుగీత కొంచెం తెగితే పేడతో మెత్తి, తండ్రి రాకముందే బయల్దేరి వచ్చేసింది.

ఆ మన్ను రంగులో కలిపిన నాలుగోనాడు గోడ మీద అడవి మధ్యన పొగరంగు చార ఒకటి కనిపించింది. దాని పక్కన కోళ్లు. ఆ పక్కన సన్నటి మనిషి, చేతిలో చేట. సొంబారి పరుగున దగ్గరికెళ్లి చూసింది. ఎడమచెయ్యి మోచేతి దగ్గర వంగి ఉంది. రంగు బొమ్మను చూసి గీస్తే ఆ చెయ్యి నిటారుగా రావాలి. ఇది బొమ్మలోంచి రాలేదు. బొమ్మలో ఉన్న మనిషే వచ్చింది. అది అర్థమయ్యాక కూడా, పాపిష్టిది, ఆమెకు ముందు సంతోషమే వేసింది. ఆ సాయంత్రమంతా ఏడుస్తూ గోడ ముందు కూర్చుని అమ్మకు కాలేజీ కబుర్లు చెప్పింది.

ప్రదర్శన మొదలైన వారానికి తండ్రి ఫోను చేశాడు.

“అమ్మీ, మీయమ్మ ఇంట్లో నేదు” అన్నాడు. “పిలిత్తే పలకదు. బొమ్మ పెచ్చులూడిపోతంది. గోడ మీద నీళ్లు జల్లినాను, మన్నువాసన రానేదు. మన్ను సచ్చిపోనాది. ఎటెల్లిపోనాదో నీకేటైనా తెలుసా?”

తెలియదని చెప్పి ఫోను పెట్టేసింది సొంబారి. తర్వాత నిరంజనిని వెతుక్కుంటూ ప్రయోగశాలకు పోయి ఉన్న సంగతి చెప్పింది. నిరంజని ఆమెను వెనకగదిలోకి తీసుకెళ్లి, ఇదివరకు రంగులో వాడగా మిగిలిన మన్ను ఉన్న పళ్లేల మీద నీళ్లు చిలకరించింది. ఎండిన మన్ను మీద నీళ్లు పడితే రావాల్సిన వాసన ఒక్క పళ్లెంలోంచీ రాలేదు. ఇద్దరూ వంగి ముక్కులు పెట్టి మరీ చూశారు. తడిసిన కాగితం వాసనపాటి కూడా లేదు.

“ఇది నకలు తియ్యదు” అంది నిరంజని. “ఉన్నదాన్ని లాగేసుకుంటుంది. నాకు మొదట్నుంచీ తెలుసు. పిడికెడు మన్నే కదా అని ఊరుకున్నాను. కానీ పిడికెడు తీస్తే గోడంతా ఎలా చచ్చిందో మాత్రం నాకు తెలియదు.” దీన్ని ఆపడానికి ఒకటే మందుంది అంటూ, రంగు పట్టిన పలక మీద సున్నపునీళ్లతో గీత గీసి చూపించింది. పచ్చదనం గీతదాకా పాకి అక్కడే నిలబడిపోయింది. ఇటుది ఇటే, అటుది అటే.

ఆ తర్వాత ఆవిడ బయటికొచ్చి తలుపు వేసి, తాళంచెవి చేతిలో పట్టుకుని దాన్నే చూస్తూ నిలబడింది. ఇది దేని తాళమని సొంబారిని మెల్లగా అడిగింది.

గోడ ఆవిడ జ్ఞాపకాలను కూడా లాగేసుకుంటోందని సొంబారికి అప్పుడు అర్థమైంది. అప్పటికే గోడ మీద జరుగుతున్నదేదో ఆమె చూస్తూనే ఉంది, మాటల్లో పెట్టుకోలేదంతే. వచ్చినవాళ్లంతా గోడకు దగ్గరగా నిలబడి ఊపిరి వదిలేవారు. వాళ్ల ఊపిరి తగిలిన చోట సన్నటి మనుషులు మొలిచి, వాళ్లు వెళ్లగానే వాడిపోయేవారు. అది చూసి జనం ముచ్చటపడి ఫోటోలు తీసుకునేవారు. నిరంజని మాత్రం రోజూ గంటలకొద్దీ అక్కడే ఉండేది, పొద్దున వచ్చి గ్యాలరీ మూసేదాకా. అందుకని సుక్కురి పక్కన కళ్లజోడు పెట్టుకున్న మనిషి ఒకతె మొలిచింది. ఆమె వాడిపోలేదు. పైగా రోజురోజుకీ గట్టిపడుతోంది. సంతలో ఎవరు దారితప్పి కనబడ్డా చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చి అంబలి పోసే అలవాటు సుక్కురిది. ఇక్కడా చేట దించేసి, వంకర చేతితో ఆ కళ్లజోడు మనిషి చెయ్యి పట్టుకుని ఉంది.

గోడ చెరిపేస్తానంటే గ్యాలరీవాళ్లు ఒప్పుకోలేదు. ప్రదర్శన ముగియగానే పలకలు విప్పి ఓడెక్కించాలని వేరే దేశపు మ్యూజియంతో ఒప్పందం అయిపోయింది. అందులో సొంబారి సంతకం కూడా ఉంది. దొరలు పట్టుకెళ్లిపోయిన వాటి గురించి కాలేజీలో ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చిందో ఆమెకే గుర్తులేదు. ఇప్పుడు తల్లిని తనే కట్ట కట్టి సముద్రం దాటిస్తోంది.

తండ్రికి ఫోను చేసి అంతా చెప్పేసింది. అతను తిట్టలేదు. బస్సు ఎన్నింటికి ఉందో కనుక్కుంటానన్నాడు.

ముఖలింగం మర్నాటి మధ్యాహ్నానికి సంచితో దిగాడు. సంచిలో బియ్యప్పిండి, వెదురుపుల్లలు, ఇప్పసారా ఉన్నాయి. గ్యాలరీ మామూలుగానే కిటకిటలాడుతోంది. అతను ఎవరినీ పట్టించుకోకుండా గోడ పొడవునా నడుచుకుంటూ వచ్చి భార్య ముందు ఆగాడు. వంగిన చెయ్యిని చూశాడు. నేల మీద కూర్చుని సారా ధార పోసి, పెద్దల పేర్లు ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయాడు. జనం ఇది కూడా ప్రదర్శనలో భాగమే అనుకుని చుట్టూ చేరారు. కాసేపటికి అతని తల వాలిపోయింది. మళ్లీ ఎత్తినప్పుడు వచ్చిన గొంతు అతనిది కాదు.

“ఇల్లేదే?” అంది ఆ గొంతు. “గోడనేదు, గుమ్మం నేదు. ఎవులెవులో వొత్తన్నారు, ఎల్తన్నారు. గాలి కొట్టేత్తంది. సొంబారీ, నన్ను బైట నిలబెట్టీసినావేటే?”

 తల్లి గొంతు విని సొంబారికి రెండేళ్లయింది. విన్న మొదటి మాట ఇది.

ముఖలింగం తేరుకుని నీళ్లు అడిగి తాగాడు. అంచు ఎందుకు గీయలేదని అడిగితే, గీత దొరలది కదా అయ్యా అంది సొంబారి. పత్రికలవాళ్లకు చెప్పినప్పుడు బాగానే ఉన్న మాట, ఇప్పుడు ఆమె చెవికే డొల్లగా వినబడింది.

“దొర గీసింది మనల్ని బైటెట్టీడానికి” అన్నాడు ముఖలింగం. “మనం గీసింది మనోల్లని నోపలెట్టుకోడానికి. రెండూ ఒకటెలగైపోతాయమ్మా?”

ఇప్పుడైనా గీయాలి. బియ్యప్పిండిలో సున్నం కలిపితే రంగు ఆ గీత దాటదు. గీత లోపలిది సుక్కురి ఇల్లవుతుంది, ఆ మేరకు మన్ను గీరుకుని ఇంటికి తీసుకెళ్లొచ్చు. కానీ సుక్కురి చేతిలో నిరంజని చెయ్యి ఉంది. ఇద్దరినీ కలిపి గీస్తే నిరంజని కూడా లోపలే ఉండిపోతుంది. అప్పుడు బయట మిగిలేది ఒట్టి శరీరం.

నిరంజని అక్కడే, గోడకు ఆనుకునేంత దగ్గరగా నిలబడి ఉంది. ఆ రోజుకి ఆవిడకు తన పేరు కూడా గుర్తు లేదు. సొంబారి చెయ్యి పట్టుకుంటే ఎవరమ్మా అని అడిగింది. “ఈవిడ చెయ్యి వెచ్చగా ఉంది” అని గోడ మీది సుక్కురిని చూపించింది. “నన్ను వదలొద్దని చెప్పు.”

సొంబారి సున్నం కలిపిన పిండిలో వెదురుపుల్ల ముంచి తండ్రికి అందించింది. అతను తీసుకోలేదు. పిలిచిందానివి నువ్వు, గీయాల్సిందీ నువ్వే అన్నాడు.

గోడ ముట్టుకోవద్దని గ్యాలరీవాళ్లు అరుస్తూనే ఉన్నారు. సొంబారి కింది మూల నుంచి మొదలుపెట్టింది. కోళ్లను లోపలికి తీసుకుంది. చేటను తీసుకుంది. పొగను తీసుకుంది. చేతుల దగ్గరకు వచ్చి ఆగిపోయింది. అమ్మా వదిలెయ్యి అని బతిమాలింది. ఆవిడకు ఇల్లుంది, దారి తప్పలేదు, నేనే తప్పించాను అని చెప్పుకుంది. ముఖలింగం కూడా సవర మాటల్లో నచ్చజెప్పాడు. గోడ మీది వేళ్లు సడలలేదు. సుక్కురి ఒకసారి పట్టుకుంటే వదిలే మనిషి కాదు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

సొంబారి కళ్లు మూసుకోలేదు. తల్లి మోచేతి మీదుగా గీత గీసేసింది.

సున్నం తగిలిన చోట సన్నగా బుస్సుమంది. తడిసిన మన్నువాసన ఒక్కసారిగా గోదామంతా కమ్ముకుంది, తొలకరి పడ్డట్టు. గీతకు ఇవతల ఉన్న కళ్లజోడు మనిషి మెల్లగా వాడిపోయింది. నిరంజని పెద్దగా ఊపిరి తీసుకుని చుట్టూ చూసింది.

“పొద్దున గ్యాసు కట్టేశానా లేదా?” అంది.

సొంబారికి నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి.

ఆ తర్వాత పెద్ద రభసే జరిగింది. నిరంజని దేనికీ వెనక్కి తగ్గలేదు. రంగు నాది, చంపే హక్కూ నాదే అని, సుక్కురి ఇంటి మన్నును తండ్రీకూతుళ్లు బుట్టలోకి గీరుకున్నాక, మిగిలిన గోడంతటికీ సున్నం కొట్టించింది. ప్రయోగశాలలో ఉన్న మూలరంగును కూడా అలాగే చంపేసింది. ఓడ గోడ లేకుండానే వెళ్లింది.

ఎర్రగెడ్డగూడలో ముఖలింగం ఆ మన్నును కొత్త ఎర్రమన్నులో కలిపి గోడ మెత్తాడు. ముందు అంచు గీశాడు. కోళ్లు, చేట, బస్సు, కిటికీ దగ్గర సీటు. ఈసారి అబద్ధం వద్దని ఎడమచెయ్యి వంకరగానే గీశాడు. ఆరగానే ఆ ఒక్క గీత రాలిపోయింది. మళ్లీ గీశాడు, మళ్లీ రాలింది. ఇంకా ఏం కావాలని అడిగితే సుక్కురి కలలోకి వచ్చి నవ్విందట గానీ ఏమీ చెప్పలేదట. ఇంట్లో ఉంది కదా, అదే చాలని అతను సరిపెట్టుకున్నాడు. సొంబారి సరిపెట్టుకోలేకపోయింది. తల్లి చెయ్యి తనే తెంపింది. అది ఎక్కడో సున్నం కింద ఉండిపోయిందని ఆమెకు అన్నం సహించేది కాదు.

కంది కొత్తల పండక్కి ముఖలింగం నిరంజనిని పిలిచాడు. ఆవిడ బస్సులోనే వచ్చింది. మనిషి కాస్త చిక్కింది, మాట మాత్రం మునుపటిలాగే ఉంది. ఎడమచెయ్యికి పట్టీ కట్టుకుని ఉంది. ఏమైందని అడిగితే తేలిగ్గా తీసిపారేసింది. గీత గీసిన రోజు నుంచి మోచెయ్యి చాపడానికి రావడం లేదట, ఎముకల డాక్టర్లు ఎక్స్‌రేలు తీసి ఏమీ లేదన్నారట, వయసు వచ్చింది కదా అంది. సొంబారి తండ్రి వైపు చూసింది. అతను ఆ చేతినే చూస్తున్నాడు.

వాకిట్లో ఆడవాళ్లు కొత్త కందులు చెరుగుతున్నారు. నిరంజని వాళ్ల మధ్య చతికిలబడి, ముఖలింగాన్ని పోడు గురించి ఏదో అడుగుతూ, పక్కనున్న చేట ఒళ్లోకి లాక్కుంది. పట్నంలో పుట్టి పెరిగిన మనిషి, చేట పట్టిన చెయ్యి కాదు. పట్టీ ఎప్పుడు విప్పేసిందో విప్పేసింది. చెరిగింది. చెరిగి చెరిగి చివర్లో ఒక చిన్న విసురు విసిరింది. పొట్టంతా ఒక్కసారిగా ఎగిరిపోయింది.

చెరుగుతున్న ఆడవాళ్లందరి చేతులూ ఆగిపోయాయి.

ఎదురుగా కూర్చున్న సొంబారి నుదుటి మీద పొట్టు పడింది. నిరంజని అటు తిరిగి ముఖలింగంతో మాట్లాడుతూనే ఉంది, చినుకులు ఎప్పుడు మొదలవుతాయని అడుగుతోంది. ఆవిడ ఎడమచెయ్యి మాత్రం చేట వదిలి పైకి లేచింది. వంగిన మోచేతితోనే ముందుకు వచ్చి, వేళ్ల వెనకవైపుతో సొంబారి నుదురు తుడిచింది. ఒకసారి తుడిచి, ఇంకా ఉందన్నట్టు మళ్లీ తుడిచింది.

ముఖలింగం చినుకుల సంగతి చెబుతూనే ఉన్నాడు, ఆవిడ ఇటు తిరగకుండా. సొంబారి ఆ చెయ్యి పని అయ్యేదాకా కదలకుండా కూర్చుంది.